పైడమ్మ పొట్టలో ఉండ

మా వాళ్ళంతా నన్ను పొట్ట డాక్టరమ్మ అంటారు. ఆ పేరు పడ్డాక నాకు పెళ్ళిభోజనాలు ప్రశాంతంగా తినే యోగం పోయింది. పక్క విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషి పులిహోర కలుపుకుంటూ తన మలబద్ధకం సంగతి ఎత్తుకుంటాడు. ఎదురుగా ఉన్నావిడ గారె తుంచుతూ తన పుల్లతేన్పుల గురించి చెబుతుంది. మొదట్లో విసుక్కునేదాన్ని. పోనుపోను ఒక సంగతి అర్థమైంది. ఆస్పత్రిలో నా ఎదుట కూర్చుని దాచిపెట్టినవన్నీ వీళ్ళు విస్తరి ముందు దాపరికం లేకుండా చెప్పేస్తున్నారు. అప్పటి నుంచి నా పంక్తిలో ఎవరు ఏం చెప్పినా శ్రద్ధగా వింటున్నాను, పాయసం మాత్రం ఆగకుండా తాగుతూ.

నేను పుట్టింది శృంగవరపుకోటలో. చదువు అయ్యాక ఉద్యోగమంతా విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల ప్రభుత్వాసుపత్రుల్లోనే గడిచింది. రిటైరైన రోజున కొత్తగా చేరిన డాక్టర్లు శాలువా కప్పి నాలుగు మంచిమాటలు చెప్పమన్నారు. మైకు చేతికిస్తే నాకు నోరు పెగలదు. అందరికీ థాంక్స్ చెప్పి కూర్చున్నాను. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను. ప్రమోషన్లూ బదిలీలూ ఇందులో ఉండవు. వాటి గురించి చెప్పడానికి మీకు సీనియర్లు చాలామంది దొరుకుతారు.

నోటి నుంచి మొదలు

తెలిసిన పాఠమే ఒకసారి మళ్ళీ చెప్పుకుందాం. తెలిసినదాన్నే మనం తేలిగ్గా మరిచిపోతాం.

అరుగుదల పొట్టలో మొదలవుతుందని జనం అనుకుంటారు. కాదు, నోట్లో మొదలవుతుంది. పళ్ళు నలగ్గొడతాయి, లాలాజలం తడుపుతుంది. వట్టి అన్నం ముద్దని కాసేపు నమిలి చూడండి, తియ్యబడుతుంది. లాలాజలం అప్పుడే పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చడం మొదలుపెట్టిందన్నమాట. మింగిన ముద్ద బావిలో రాయిలా కిందికి పడిపోదు. అన్నవాహిక కండరాలు వెనక నుంచి నొక్కుతూ దాన్ని దించుతాయి. తలకిందులుగా వేలాడుతూ మింగినా ముద్ద పొట్టకే చేరుతుంది. నా మాట నమ్మండి, ప్రయత్నించకండి.

పొట్ట పని రుబ్బురోలు పని. ఘాటైన ఆమ్లం పోసి చిలుకుతుంది. దాని చివర ఒక సన్నటి ద్వారం ఉంటుంది. ఆ ద్వారం మహా పట్టుదల గలది. మెత్తగా జావలా అయినదాన్నే కొంచెం కొంచెం చిన్నపేగులోకి వదులుతుంది. అక్కడ పైత్యరసం కొవ్వుని విడగొడుతుంది, క్లోమరసం మిగతా పని చూసుకుంటుంది. సారమంతా రక్తంలోకి చేరుతుంది. మిగిలిన దాంట్లో నీళ్ళని పెద్దపేగు పీల్చుకుంటుంది. ఇక పీచు సంగతి. దాన్ని అరిగించే శక్తి మనిషికి లేదు. నమిలి తింటే అదే పేగుల్ని సాఫీగా నడిపిస్తుంది. నమలకుండా మింగితే ఆ పట్టుదల గల ద్వారం దగ్గర నిలిచిపోతుంది. ఈ ఒక్క ముక్కా గుర్తుపెట్టుకోండి. ముందు చెప్పబోయే కథంతా దీని మీదే నడుస్తుంది.

నాకు పొట్ట చూడడం నేర్పిన ప్రొఫెసర్ గారు చండశాసనుడు. రోగి పొట్ట మీద చల్లటి చెయ్యి వేసిన విద్యార్థిని ఆ పూటకి వార్డులోంచి వెళ్ళగొట్టేవారు. చలికి పొట్ట బిగుసుకుంటే ఇక దానిలో ఏముందో చేతికి ఏం తెలుస్తుందని ఆయన వాదన. అరచేతులు రుద్దుకుని వెచ్చబడ్డాకే ముట్టుకోవాలి. ఆ తర్వాత రోగిని తిండి గురించి అడిగేవారు. ఏం తిన్నావు, ఎవరు వండారు, ఎలా నమిలావు, తిన్నాక ఎంతసేపటికి నొప్పి వచ్చింది. ఆయన అడిగే తీరు చూస్తే వంటమనిషిని కుదుర్చుకుంటున్నారేమో అనిపించేది. మేం వెనక నిలబడి నవ్వుకునేవాళ్ళం. ఆయనలో ఒక్కటే నాకు నచ్చేది కాదు. అబద్ధం చెప్పిన రోగిని వార్డంతా వినేలా కేకలేసేవారు. కేకలు విన్న పక్క మంచం మనిషి ఇంకా గట్టిగా అబద్ధమాడేవాడు. ఆయన వెచ్చటి చెయ్యి నేర్చుకోండి, ఆ గొంతు వద్దు.

గేసు

మన జిల్లాల్లో గేసు అనే మాటకి అర్థం కానిది లేదు. మెడ నొప్పి గేసు, మోకాలి నొప్పి గేసు, కోడలి మీద కోపం కూడా గేసే. ఆమదాలవలసలో ఒక ధాన్యం వ్యాపారి గుండెల్లో మంటని సోడా మీద సోడా తాగి, వాము నమిలి, చొక్కా తడిసేలా చెమట పట్టాక నా దగ్గరకొచ్చాడు. గేసు సూది వేసేసి పంపమన్నాడు, రైలుకి టైమైపోతోందట. ఈసీజీ తీస్తే గుండెపోటు. వినడే. అప్పడాలు తిన్నాను, అందుకే గేసు అని నాతోనే వాదన. బలవంతాన గుండె డాక్టరు దగ్గరికి పంపితే బతికాడు. ఇప్పటికీ కనిపిస్తే అందరిముందూ ఒకటే మాట అంటాడు.

"నా గేసుని ఈ డాక్టరమ్మే గుండెకి ఎక్కించీసింది."

ఆ మాట వింటే నాకు నవ్వూ వస్తుంది, సంతోషమూ వేస్తుంది. అనడానికి మనిషి ఉన్నాడు కదా. మీరు మాత్రం చెమటతో వచ్చిన మంటని, నడిస్తే పెరిగే నొప్పిని గేసని వదలకండి. అలాగే కుడివైపు కింద నొప్పిగా ఉందని ఆముదం పట్టించి తీసుకొస్తారు. అది వాపెక్కిన అపెండిక్స్ అయితే ఆముదంతో పగిలే ప్రమాదం ఉంది. మోకాళ్ళ నొప్పికి ఖాళీ కడుపున బిళ్ళలు మింగి మింగి పొట్టలో పుండు తెచ్చుకున్నవాళ్ళు నాట్ల రోజుల్లో వరసగా వస్తారు. విరేచనం తారులా నల్లగా ఉందంటే మాత్రం లోపల రక్తం కారుతోందన్నమాట, ఆ మాట విన్న క్షణం కుర్చీలోంచి లేవండి.

ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే. పుస్తకంలో లేనిది పైడమ్మ కథ.

పెట్టుడు మందు

పైడమ్మది శ్రీకూర్మం దగ్గర ఇసక నేలల పల్లె. వయసు డెబ్బై దాటింది. నోట్లో పళ్ళు లేవు, కట్టుడుపళ్ళు పెట్టిస్తే గూట్లో పెట్టి దండం పెడుతుందట గాని నోట్లో పెట్టదట. చాలా ఏళ్ళుగా చక్కెర జబ్బు. అది ముదిరితే పొట్ట కండరాలు మందగిస్తాయి, తిన్నది త్వరగా కిందికి దిగదు. చలికాలం చివర్లో ఆమెని ఆటోలో తీసుకొచ్చారు. రెండు ముద్దలు తింటే పొట్ట నిండిపోతోంది. నిన్న తిన్నది ఇవాళ వాంతి అవుతోంది. మనిషి చిక్కి సగమైంది.

వెంట పెద్దకొడుకు అప్పన్న, అతని భార్య, చిన్నకోడలు గౌరి వచ్చారు. గౌరి భర్త లారీ డ్రైవరు, ఏ రాష్ట్రంలో ఉంటాడో అతనికే తెలీదు. ముగ్గురూ ఒక ఇంటివాళ్ళే అయినా గౌరి మాత్రం దూరంగా గోడవారన నిలబడింది. చేతిలో నీళ్ళ సీసా ఉంది. పైడమ్మ దాహమని రెండుసార్లు అడిగినా ఆ సీసా ఎవరూ అందుకోలేదు. పెద్దకోడలు వెళ్ళి బయట కొనుక్కొచ్చింది. నాకది వింతగా తోచింది.

ఎందుకో అప్పన్నే చెప్పాడు. నా దగ్గరికి రాకముందు తల్లిని మందు కక్కించే మనిషి దగ్గరికి తీసుకువెళ్ళారు. పెట్టుడు మందు సంగతి మీకు తెలిసే ఉంటుంది. గిట్టనివాళ్ళు తిండిలో ఏదో కలిపి పెడతారని, అది కడుపులో ఉండకట్టి ఏళ్ళతరబడి మనిషిని తినేస్తుందని నమ్మకం. ఆ మనిషి పైడమ్మకి ఆకుపసరు పట్టించి, వాంతి చేయించి, అందులోంచి ఒక నల్లటి ముక్క పైకెత్తి చూపించాడట. మొదలు ఇంకా లోపలే ఉందన్నాడట. ఇంట్లో మనిషే పెట్టిందని కూడా అన్నాడట. ఆ ఇంట్లో వండిపెట్టేది కోడళ్ళిద్దరే, పెద్దకోడలు అప్పన్న పక్కనే నిలబడి వింటోంది. ఇక మిగిలింది గౌరి.

ఆ రోజు నుంచి గౌరి పొయ్యి ముట్టుకోకూడదు, అత్తకి మంచినీళ్ళు కూడా ఇవ్వకూడదు. భర్తకి ఫోన్ చేసి చెబితే అతను కూడా, నేను వచ్చేదాకా కన్నవారింటికి పొమ్మన్నాడట.

"గొట్టం ఏసి సూడండమ్మా. లోపల మందు ఉన్నాదని తేలితే రేపే దీన్ని పంపీస్తాం," అన్నాడు అప్పన్న.

నాకు ఒళ్ళు మండింది. పొట్ట అటక కాదు, ఎవరో దాచింది ఏళ్ళకొద్దీ పడి ఉండడానికి, అన్నాను. లోపల ఏ ఉండా ఉండదు, చూపిస్తాను రమ్మని, ఎన్నడూ చేయని పని చేశాను. రోగి బంధువుని, కెమెరా గొట్టంతో పొట్ట లోపల చూసే స్కోపు గదిలోకి పిలిచి తెర ముందు నిలబెట్టాను. అతని నోరు అక్కడే మూయించాలని నా పంతం. పైడమ్మని మాత్రం అందరి ఎదుటే అడిగాను, ఈ మధ్య ఏం తిన్నావని.

"గంజి తప్ప ఏటీ లేదమ్మా," అంది.

తెర మీద

గొట్టం అన్నవాహిక దాటింది. పొట్టలోకి దిగింది. దీపం వెలుగులో తెర మీద పచ్చటి, గోధుమరంగు ఉండ ఒకటి కనిపించింది. నిమ్మకాయ కంటే పెద్దది. ద్వారానికి అడ్డంగా హాయిగా కూర్చుని ఉంది.

నర్సు నా మొహం చూసింది. నేను తెర చూశాను.

"అదుగో, ఉన్నాది," అన్నాడు అప్పన్న, చాలా నెమ్మదిగా.

నేను ఆపేలోపు అతను బయటికి వెళ్ళి ఆ మాట అందరికీ చెప్పేశాడు. తలుపు సందులోంచి చూస్తే గౌరి గోడకి ఆనుకునే కిందికి జారి కూర్చుంది. నా పంతం ఆమె మెడకి చుట్టుకుంది. నాకు చాలా సిగ్గేసింది.

లోపల ఉన్నదేమిటో ముందు తేలాలి. గొట్టంలోంచి చిన్న పటకారు దింపి ఉండలోంచి చిటికెడు గిల్లి తీశాను. పింగాణీ గిన్నెలో నీళ్ళు పోసి కడిగాను. జిగురంతా నీళ్ళలో కలిసిపోయి సన్నటి దారాలు విడివడ్డాయి. పసుపుపచ్చగా, పొడుగ్గా, తెగకుండా. వాటిని చూడగానే నాకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు చలికాలం సాయంత్రాల్లో నా పళ్ళ సందుల్లో ఇరుక్కున్నవి అవే. తేగ పీచు.

తాటి టెంకల్ని పాతరేస్తే భూమిలోకి దిగే మొలకే తేగ. ఉడకబెట్టో కాల్చో తింటారు. పిండి మింగి పీచు ఉమ్మేయాలి, అది తేగ తినే పద్ధతి. ఇక్కడ పీచంతా లోపలే ఉంది. చక్కెర జబ్బు పొట్ట దాన్ని కదపలేక గుండ్రంగా చుట్టిపెట్టుకుంది.

అప్పన్నని పిలిచి, ఇది మందు కాదు, తిండిలో పీచు అని చెప్పాను. ఏ తిండి అనేది చెప్పలేదు. నేను వైద్యం పూర్తి చేసేదాకా ఎవరినీ ఎక్కడికీ పంపొద్దని గట్టిగా అన్నాను. అతను తెలివైనవాడే. పీచైతే మాత్రం అది ఎవరు పెట్టారో తెలియాలి కదా అన్నాడు.

అందరినీ బయటికి పంపండి

ఇదే మీకు చెప్పాలనుకున్న అసలు ముక్క. పొట్ట రోగిని నలుగురి మధ్య తిండి గురించి అడగకండి. ఇంట్లోవాళ్ళ ఎదుట ఎవరూ నిజమైన తిండి చెప్పరు. చక్కెర రోగి మైసూరుపాకు చెప్పడు, కొత్తకోడలు ఆకలి చెప్పదు.

ఆ సాయంత్రం వార్డులో పైడమ్మ మంచం దగ్గర నుంచి అందరినీ పంపేశాను. చేతులు రుద్దుకుని పొట్ట మీద చెయ్యి వేశాను. ఎన్ని తేగలు తిన్నావని అడగలేదు, ఎప్పటి నుంచి తింటున్నావని అడిగాను. ఆవిడ పైకప్పు వంక చూసింది. ఫ్యాను వంక చూసింది. ఇక చూడ్డానికి ఏమీ మిగల్లేదు.

"మద్దెలో సందమామ మెత్తగా ఉంటాది కదమ్మా. అదొక్కటే తిందునని మొదలెట్టినాను. ఆపైన నోరు ఊరుకోలేదు."

తేగ నడుమ లేతగా ఉండే మొలకని మేమంతా చందమామ అనే అంటాం. అక్కడితో ఆగే మనిషిని నేనైతే చూడలేదు. మిగిలింది కూడా కొంచెం కొంచెంగా చెప్పింది. కిందటేడు తేగ పీచు గొంతుకి అడ్డంపడి దగ్గుతో కళ్ళు తేలేసిందట. అప్పటి నుంచి అప్పన్న ఇంట్లోకి తేగ రానివ్వలేదు. ఈ చలికాలం పైడమ్మ చిన్నకోడల్ని బతిమాలింది. ఎవరికీ చెప్పనని తన మీద ఒట్టేయించుకుంది. గౌరి పొలం నుంచి వస్తూ కొంగులో తెచ్చి, లోపలి మెత్తటిది మాత్రం తినమని చెప్పి ఇచ్చేది. పైడమ్మ మొత్తం చప్పరించేది.

మరి పీచు ఉమ్మలేదేమని అడిగాను.

"ఉమ్మితే పెద్దకోడలు సూసీస్తాది కదమ్మా. అందుకని మింగీసేదాన్ని."

దొంగతనం దొరకకుండా ఉండడానికి ఆధారాన్ని మింగిందన్నమాట. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పొట్టలో పీచు ఉండకట్టడానికి ఇలాంటి కారణం నేను వినలేదు. నవ్వు ఆపుకోవడానికి కేసుషీటు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

తర్వాత నవ్వు పోయింది. గౌరి మీద పడిన నింద నీకు తెలుసు కదా, ఎందుకు నోరు విప్పలేదని అడిగాను. పెద్దోడు తిడతాడని భయమట. ఈ వయసులో దొంగతిండి తిన్నానంటే ఊరంతా నవ్వుతారని సిగ్గట. నవ్వితే నీకేం పోతుంది, అక్కడ దాని కాపురం పోతోంది అన్నాను. ఆవిడ దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

రోగి మనకి చెప్పింది మనం బయట చెప్పకూడదు. నేను తేగ పేరెత్తినా గౌరికి మేలు జరగదు. వద్దన్న తిండి చాటుగా తెచ్చిపెట్టింది ఆమే అని తేలుతుంది. అడిగి తెప్పించుకున్నానని చెప్పగలిగినది ఒక్క పైడమ్మే. అందుకని రోజూ ఆవిడ చెవి దగ్గర అదే మాట అనడం తప్ప నాకు వేరే మందు లేకపోయింది.

నల్ల కూల్‌డ్రింకు

ఉండకి మాత్రం మంచి మందు ఉంది. మీరు నవ్వినా సరే, అది నల్లటి కూల్‌డ్రింకు. అందులోని ఆమ్లమూ బుడగలూ కలిసి పీచు ఉండని మెత్తబరుస్తాయి. పైడమ్మది చక్కెర జబ్బు కాబట్టి పంచదార లేని రకం తెప్పించి, ముక్కు గొట్టం ద్వారా కొంచెం కొంచెంగా పోయించాను. అందరికీ ఇది పనికిరాదు. ఉండ పేగులోకి జారి అడ్డంపడితే ఆపరేషనే దిక్కు. ఇంట్లో సొంతంగా చేసే వైద్యం కాదిది, మీ పేషెంట్లకి ఆ మాట చెప్పండి.

అప్పన్నకి ఈ వైద్యం మింగుడుపడలేదు. ఈ సీసా కావాలని ఏడ్చినందుకే మొన్న తన కూతుర్ని తిట్టానని, ఇప్పుడు తల్లికి తనే మోసుకొస్తున్నానని వార్డంతా చెప్పుకున్నాడు. పక్క మంచం ముసలాయన తనకీ అదే జబ్బు ఉందేమో చూడమని నన్ను అడిగాడు.

కొన్ని రోజులకి ఉండ మెత్తబడింది. స్కోపులోంచి తీగ ఉచ్చు వేసి ముక్కలు చేశాను. కొన్ని పైకి లాగాను, చిన్నవి కిందికి జారిపోయాయి. చివరిసారి చూసినప్పుడు ద్వారం ఖాళీగా, ఎర్రగా, చక్కగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. నాకు దాన్ని ముద్దుపెట్టుకోవాలనిపించింది. జావ పట్టొచ్చని చెప్పాను.

పెద్దకోడలు గ్లాసుతో చోడి జావ, అదే రాగి జావ, తెచ్చింది. పల్చగా, మజ్జిగ కలిపి, గోరువెచ్చగా. ఆ మనిషి చెడ్డది కాదు, అత్త కోసం రాత్రింబగళ్ళు కూర్చుంది. గ్లాసు పైడమ్మ పెదవులకి ఆనించింది. పైడమ్మ నోరు తెరవలేదు. ఇంకోసారి ఆనించింది. పైడమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. మళ్ళీ మొదటికొచ్చిందేమోనని అప్పన్న కంగారుగా నా వంక చూశాడు. గౌరి గుమ్మం అవతల సంచి సర్దుకుని నిలబడి ఉంది. ఆమె అన్న వచ్చి తీసుకెళ్ళేది ఆ రోజే.

పైడమ్మ కొడుకు వైపు తిరిగింది. గొట్టాలతో గొంతు బొంగురుపోయింది గాని మాట స్పష్టంగానే వచ్చింది.

"అది నాకేటీ పెట్టలేదురా. తేగలు నానే అడిగినాను. పీచు నానే మింగినాను. సెప్పొద్దని దాని సేత ఒట్టేయించుకున్నాను."

మాకెందుకు చెప్పలేదని అప్పన్న అడిగాడు. మీరు తిడతారని అంది తల్లి. అతను నిజంగానే తిట్టడానికి నోరు తెరిచాడు. ఏమనుకున్నాడో, మూసుకున్నాడు. పెద్దకోడలు గ్లాసు వంక చూస్తూ ఉండిపోయింది.

"ఒలే గౌరీ, రా. నువ్వు పట్టు," అంది పైడమ్మ.

గౌరి కదల్లేదు. ఆమె చూపంతా బావ మీదే ఉంది. అప్పన్న భార్య చేతిలోంచి గ్లాసు అందుకున్నాడు. గుమ్మం దాకా నడిచి వెళ్ళి దాన్ని గౌరి చేతిలో పెట్టాడు. తల పైకెత్తలేదు. ఆమె కాళ్ళ దగ్గరున్న సంచి తీసుకుని మంచం కిందికి తోశాడు.

గౌరి వచ్చి మంచం మీద కూర్చుంది. ఎడంచేత్తో అత్త తల కొంచెం పైకెత్తింది.

"తాగత్తా. దీనికి నమలక్కర్లేదు," అంది.

పైడమ్మ ఒక గుక్క తాగింది. అందరూ చూస్తుండగా రెండో గుక్కకి తనే నోరు తెరిచింది.